ఓస్లో కోపం, కొత్తపేట నవ్వు

సోమవారం: రాజమండ్రి, ధవళేశ్వరం

మార్గశిరంలో కోనసీమకి వెళ్లేవాళ్లు కొబ్బరి తోటల కోసమో, చుట్టాలింట్లో పెళ్లి కోసమో వెళ్తారు. నేను మొహాలు చూడ్డానికి వెళ్లాను. మనిషి కోపాన్నీ దుఃఖాన్నీ నవ్వునీ రాతిలో, మట్టిలో ఎలా పట్టుకుంటారన్న ప్రశ్న పోయిన వేసవి నుంచి నన్ను వదలడం లేదు. మా అమ్మాయి ఉద్యోగం ఓస్లోలో. దాని దగ్గర ఉన్నన్నాళ్లూ పొద్దునా సాయంత్రం ఫ్రోగ్నర్ పార్కుకి నడకకి వెళ్లేదాన్ని. అక్కడ గుస్తావ్ విగెలాండ్ అనే ఒకే ఒక శిల్పి చేసిన బొమ్మలు రెండు వందలకు పైగా ఉన్నాయి. కొన్ని కంచు, కొన్ని గ్రానైట్. దాదాపు అన్నీ ఒంటి మీద బట్టల్లేని మనుషులే. మొదటి రోజు మొహం తిప్పుకున్నాను కానీ, రెండో రోజుకి ఆ సంగతే మర్చిపోయాను.

విగెలాండ్ 1869లో నార్వే దక్షిణ తీరంలోని మండాల్ అనే ఊళ్లో వడ్రంగి ఇంట పుట్టాడు. చెక్క చెక్కడంతో మొదలుపెట్టి, 1893లో పారిస్ వెళ్లి ఫ్రెంచ్ శిల్పి రోదా పనిశాల చూసొచ్చాడు. కుర్రతనంలో చేసినవన్నీ నరకం, శాపం, ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయే మనుషులు. పోనుపోను వాటి పక్కకి ప్రేమ వచ్చింది, పిల్లల ఆటలు వచ్చాయి, ముసలితనం వచ్చింది. అయినా మొదటివి ఎటూ పోలేదు. 1921లో ఓస్లో నగరం ఆయనతో ఒప్పందం చేసుకుంది. ఇల్లూ స్టూడియో నగరమే కట్టిస్తుంది, ఆయన చేసినవన్నీ నగరానికే చెందుతాయి. 1943లో పోయేదాకా ఆయన ఆ స్టూడియోలోనే బతికాడు. చితాభస్మం కూడా ఆ భవనం గోపురంలోనే ఉంది.

పార్కులో వంద మీటర్ల వంతెన ఒకటి ఉంది. దాని మీద 58 కంచు బొమ్మలు. ఒక తండ్రి పిల్లల్ని ముద్దుగా ఆడిస్తుంటాడు. ఆయన్ని దాటి వెళ్తే ఇంకో మగాడు తన మీద పడ్డ పసివాళ్లని విదిలించి తన్నేస్తుంటాడు. ఒక జంట నాట్యం చేస్తుంటుంది, మరో జంట పెనుగులాడుతుంటుంది. వాళ్ల మధ్యలో పిడికిళ్లు బిగించి, కాలు నేలకేసి కొట్టబోయే చిన్న పిల్లాడు. ఆ ఊళ్లో వాడంత పేరున్న బొమ్మ ఇంకోటి లేదు. వచ్చినవాళ్లందరూ పట్టుకుని పట్టుకుని వాడి ఎడమ చెయ్యి బంగారు రంగు తేలింది. ఆ తండ్రుల్ని అంత ముచ్చటగా మలిచిన మనిషి, తన ఇద్దరు పిల్లల తల్లితో విడిపోయి వేరే బతికాడు. ఆ సంగతి చదివాక వంతెన మీద నా నడక కొంచెం మందగించింది.

రాజమండ్రిలో రైలు దిగి ముందు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాను. రామారావు 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయిలో చదువుకుని, తిరిగొచ్చి సొంత ఊళ్లో బొమ్మలు నేర్పాడు. ముప్పై దాటకుండానే పోయినవాడి గ్యాలరీకి వెళ్తే ఎవరికైనా అయ్యో అనిపిస్తుంది. నాకు మాత్రం ‘సిద్ధార్థ రాగోదయం’ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. యువరాజు మనసు మొదటిసారి కదిలిన ఘడియ అది. తర్వాత కథ మనకి తెలుసు కాబట్టి ఆ రాగం వెనకాల విరాగం నిలబడి ఉన్నట్టే ఉంటుంది. తీరా వెతికితే బొమ్మలో ఎక్కడా లేదు. రామారావు ఒక సగమే గీసి, రెండో సగం చూసేవాళ్లకి వదిలేశాడు. విగెలాండ్ అయితే దాన్ని కూడా చేసి పక్కనే నిలబెట్టేవాడు.

సాయంత్రం ధవళేశ్వరం. గోదారి ఇక్కడే గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతుంది. ఆ రెండు పాయల మధ్య నేలే కోనసీమ. 1847 నుంచి 1852 వరకు ఇక్కడ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గుర్రం మీద కూర్చున్న విగ్రహాలు డెల్టా ఊళ్లలో చాలా చోట్ల కనిపిస్తాయి. నేను చూసిన వాటిలో గుర్రానికున్న హుషారు దొర మొహంలో లేదు. కృతజ్ఞతతో పెట్టిన విగ్రహాల్లో మొహం కన్నా దండ పడే మెడ ముఖ్యం కాబోలు.

మంగళవారం: లొల్ల, ర్యాలి

మా పిన్ని కొడుకు రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేస్తాడు. గెలలు ఎగుమతి చేసే వ్యాన్ కాకుండా కారే తెచ్చాడు, అదే పది వేలు. బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా కాలవ గట్టున బయల్దేరాం. సార్వా కోతలు అయిపోవచ్చాయి. కొన్ని చేలల్లో పనలు ఇంకా నేల మీదే ఉన్నాయి. రోడ్డుకి ఒక పక్క ధాన్యం ఆరబోశారు. కారు ఎటు పోనివ్వాలో తెలియక మావాడు ఎవరినీ పేరు పెట్టకుండా తిట్టుకుంటూ నడిపాడు.

లొల్ల లాకుల దగ్గర టీ తాగాం. ఆత్రేయపురం పూతరేకుల గురించి రాయను. రాయనివాళ్లు లేరు. తిన్నాను, అంతే.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి చిన్నది. మూలవిరాట్టు ఒకే నల్లరాయి, మనిషెత్తుకి కాస్త తక్కువ. ముందువైపు కేశవుడు. శంఖం, చక్రం, గద, చుట్టూ దశావతారాలు. అన్నీ శాస్త్రం ప్రకారం, ఎక్కడా తొణకని మొహం. పాదాల దగ్గర ఎప్పుడూ చెమ్మ ఊరుతుంటుందని, అది గంగ అని చెబుతారు. పూజారి దీపం పట్టుకుని వెనక వైపు కూడా చూపించారు. అదే రాయి వెనకాల మోహిని. ముడిచిన కొప్పు, నడుము ఒంపు, పిక్క మీద పుట్టుమచ్చతో సహా. దీపం ఆడుతుంటే పిక్క నునుపు మీద వెలుగు జారింది. చెక్కినవాడు ఎవడోగానీ ఆడమనిషి వీపుని బాగా చూసినవాడు.

కథ అందరికీ తెలిసిందే. మోహిని అందం చూసి శివుడంతటివాడు వెంటపడ్డాడు. ఆమె కొప్పులోంచి పువ్వు జారింది. దాన్ని వాసన చూసి తలెత్తేసరికి ఎదురుగా ఉన్నది విష్ణువు. కోరికా, ఆ వెంటనే వచ్చిన సిగ్గూ, రెండూ ఆ రాయిలో ఉన్నాయి. గుడికి ఎదురుగానే ఉమా కమండలేశ్వరుడి గుడి. ఇద్దరూ ఇప్పటికీ ఎదురెదురుగానే ఉన్నారు.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. బయట అరుగు మీద కూర్చున్నాకే నాకు ఇంకో సంగతి తట్టింది. మోహినికి మొహం లేదు. రాయి చుట్టూ తిరిగినా ఆమె కళ్లు, పెదవులు కనిపించవు. వెంటపడ్డవాడికి వీపు, కొప్పు, పువ్వే దొరుకుతాయి. మొహం కావాలని చుట్టి ముందుకొస్తే అక్కడ కేశవుడు. కోరికకి రూపం ఇమ్మంటే దాని మొహాన్ని చెక్కకుండా వదిలేసిన ఆ శిల్పి ధైర్యం నాకు నచ్చింది.

ఓస్లోలో ఆ వంతెన నాలుగు మూలల్లోనూ స్తంభాల మీద మనిషీ డ్రాగనూ ఉన్న శిల్పాలున్నాయి. మూడింటిలో మగాళ్లు ఆ మృగంతో పోరాడుతుంటారు. నాలుగో దాంట్లో ఒక స్త్రీ మాత్రం దానికి లొంగి ఒదిగిపోతుంది. పోరాటం, లొంగుబాటు. మనిషికో స్తంభం. విగెలాండ్‌కి ఒక్కో భావానికీ ఒక్కో ఒళ్లు కావాలి. అందుకే ఆయనకి అంత పెద్ద పార్కు పట్టింది. ర్యాలిలో చెక్కినవాడికి ఒక్క రాయి సరిపోయింది, కానీ మనల్ని చుట్టూ తిప్పాడు.

ఇదంతా కారులో మావాడికి చెప్పాను. “రేపు కొత్తపేటలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తానక్కా. ఆయనకి చెప్పు. నాకు చెబితే గెలలతో సమానం” అన్నాడు.

బుధవారం: కొత్తపేట

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో కొత్తపేట. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ కూడలిలో నాయకుడి విగ్రహం నిలబెట్టాలన్నా గుర్తొచ్చే ఊళ్లలో ఇదొకటి. రోడ్డు పక్క షెడ్ల ముందు అంబేద్కర్లు, ఎన్టీఆర్లు, వైఎస్‌లు వరసగా నిలబడి ఉంటారు. చాలామంది మొహాలకి ఇంకా గుడ్డ చుట్టే ఉంటుంది. ఆవిష్కరణ నాడు నాయకుడొచ్చి లాగేదాకా ఆ గుడ్డ తియ్యరు. ఒకాయన చెయ్యి ముందుకి చాచి, మొహం మూటలో పెట్టుకుని, లారీ కోసం ఎదురుచూస్తున్నాడు.

మావాడు చెప్పిన పెద్దాయన షెడ్డు ఊరి లోపల, కొబ్బరిచెట్ల వెనకాల ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. పేరు రాయొద్దన్నారు. “ఆర్డర్లు పిల్లలు చూసుకుంటున్నారండి, నా పేరెందుకండి” అన్నారు. చేతి గోళ్లలో మట్టి. మమ్మల్ని చూసి లేవబోయారు.

“ఆయ్, కూర్చోండి బాబాయ్ గారూ. మా అక్క. బొమ్మల గురించి రాస్తుంది” అన్నాడు మావాడు.

“రాయండమ్మా. కానీ టీ తాగి రాయండి.”

పని ఎలా జరుగుతుందో చూపించారు. ముందు ఇనప చువ్వలతో అస్థిపంజరం. దాని మీద బంకమట్టితో ఒళ్లు. మట్టి బొమ్మని ఆర్డరిచ్చినవాళ్లు వచ్చి చూసుకుని సరేనన్నాక ప్లాస్టర్‌తో మోల్డు తీస్తారు. ఆ మోల్డులోంచి ఫైబరో, సిమెంటో, డబ్బున్నవాళ్లకి కంచో. మట్టి బొమ్మ పని అయిపోగానే కూలగొట్టి ఆ మట్టినే మళ్లీ తడిపి ఇంకొకరికి వాడతారు. “మొన్నటి సర్పంచి గారి చెంప ఇవాళ ఇంకొకాయన కాలండి” అన్నారు, నవ్వకుండా.

నాయకుల బొమ్మలంటే ఆయనకి పెద్ద గౌరవం లేదు. “ఆళ్ల నవ్వు మొహంలో ఉండదండి, చేతిలో ఉంటాది. చెయ్యి ఎత్తితే నవ్వినట్టే. మొహం దూరం నుంచి ఎవరికీ కనపడదు.” ఆయనకి ఇష్టమైన పని ఇంటి బొమ్మలు. తండ్రో, భార్యో, చేతికొచ్చిన కొడుకో పోతే వాళ్ల పొలంలోనో, ఇంటి ముందో పెట్టుకోడానికి చేయించుకునే బొమ్మలు. ఇప్పుడు వాటికి గిరాకీ బాగా పెరిగిందట.

“అందరూ ఒకటే మాటండి. నవ్వుతూ ఉండాలండి అంటారు. ఫొటో ఇవ్వమంటే ఆధార్ కార్డు ఇస్తారు. ఆధార్‌లో ఎవడు నవ్వుతాడండి? పెళ్లి ఆల్బమ్ తెమ్మంటాను. అందులో భోజనాల దగ్గర తీసినవి చూస్తాను. స్టేజీ మీద తీసినవి పనికిరావు.”

తర్వాత ఆయన చెప్పింది నేను పుస్తకంలో రాసుకున్నాను. మట్టి బొమ్మ అయ్యాక ఇంటివాళ్లని పిలుస్తారు. మగవాళ్లు ముందు బాగుందంటారు. మీసం కొంచెం ఒత్తుగా ఉండాలంటారు, వాచీ పెట్టమంటారు. ఆయన ఆ మాటలకి తల ఊపుతూనే వెనక నిలబడ్డ ఆడవాళ్ల వంకే చూస్తుంటారు. “నవ్వు కుదిరిందా లేదా అనడానికి నా దగ్గర ఒకటే పరీక్షండి. ఇంటి ఆడది చూసి ఏడవాలి. ఏడవకపోతే పెదవి చివర గోరంత తప్పు ఉందన్న మాట. మళ్లీ తడుపుతాను.” ఒకసారి ఒకావిడ బొమ్మ చెంప మీద చెయ్యేసి, “ఈయన ఇలా బజారులో నవ్వేవారు, ఇంట్లో కాదు” అందట. ఆ బొమ్మకి మొత్తం మొహం తీసేసి మళ్లీ చేశారు. డబ్బు అడగలేదు.

ఈ మాటల ముందు నేను చదివిందంతా చిన్నదైపోయింది. నవ్వు సరిగ్గా ఉందనడానికి ఏడుపు సాక్షి. ఆయన దాన్ని గొప్ప మాటగా చెప్పలేదు, మేస్త్రీ నీళ్లు పోసి గచ్చు వాలు చూసినంత మామూలుగా చెప్పారు.

ఫోన్లో ఓస్లో ఫొటోలు చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని పిల్లాడి బొమ్మ దగ్గర ఆగారు. రెండు వేళ్లతో పెద్దది చేసి కనుబొమ్మలు చూశారు, తర్వాత పిడికిళ్లు, తర్వాత కాలు.

“ఎవరండి చేసింది?”

చెప్పాను.

“మంచి పనోడు. ఈ పిల్లోడికి కోపం మొహంలో సగమే ఉందండి. సగం ఏడుపు. అమ్మ ఎత్తుకుంటే ఆగిపోయే కోపం. కోపం అంతా కాల్లోకి దింపాడు చూడండి. మొహంలోనే పెట్టుంటే రాక్షసుడయ్యేవాడు.”

ఆ పార్కు నడిమధ్యన ఉన్న రాతి స్తంభం ఫొటో కూడా చూపించాను. 17 మీటర్ల ఎత్తు, ఒకే గ్రానైట్ రాయి, దాని చుట్టూ 121 మంది ఒకరి మీద ఒకరు ఎగబాకుతుంటారు. నమూనా విగెలాండ్‌ది. రాయి మీద చెక్కింది మాత్రం ముగ్గురు రాతిపనివాళ్లు, పద్నాలుగేళ్ల పాటు. పెద్దాయన అది విని, “ఆళ్ల పేర్లు ఉన్నాయా అక్కడ?” అని అడిగారు. ఇంతమందికి ఆ స్తంభం చూపించాను, ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

భోజనానికి లేచేముందు “లోపల కొన్ని ఉన్నాయి, అమ్మేవి కాదు” అని వెనక గదికి తీసుకెళ్లారు. చెక్క అరల మీద తలలు. కొన్ని సిమెంటు, కొన్ని కాల్చిన మట్టి. జంటలు జంటలుగా ఉన్నాయి. ప్రతి జంటలో మొహం ఒకటే. ఒకటి నవ్వుతుంటుంది, ఒకటి ఏడుస్తుంటుంది. ఒకటి కోపంగా ఉంటే దాని జోడీ భయంగా ఉంటుంది. పెళ్లి కాకముందు నుంచీ చేస్తున్నారట. ఒకే మోల్డులో మట్టి రెండుసార్లు ఒత్తి తీస్తారు. పచ్చిగా ఉండగానే రెండోదాన్ని మారుస్తారు. పెట్టుకున్న నియమం ఏంటంటే వీలైనంత తక్కువ మార్చాలి. మొదటి రోజుల్లో మొహమంతా కెలికేవారట. “బుగ్గలు అవే, నోరు అదే, కళ్ల కింద ముడతలు అవే. ఎక్కువ నవ్వినా కళ్లు మూసుకుంటాయి, ఎక్కువ ఏడ్చినా మూసుకుంటాయి. తేడా అంతా కనుబొమ్మల లోపలి కొసలో ఉందండి. అది పట్టుకోడానికి నాకు నలభై ఏళ్లు వచ్చేశాయి.” లియొనార్డో డా విన్చీ కూడా చిత్రకారులకి సరిగ్గా ఇదే రాసిపెట్టాడు. ఏడ్చేవాడు కనుబొమ్మలు ముడుస్తాడు, నవ్వేవాడు ముడవడు, మిగతా మొహం ఒకటేనని. ఆ సంగతి చెబితే ఆయన “అలాగా” అన్నారు. సంతోషించారో, తన సొంతమనుకున్నది ఇంకొకరికి ముందే తెలుసునని నొచ్చుకున్నారో పోల్చుకోలేకపోయాను.

కింద అరలో జంట లేని తలలు నాలుగైదు ఉన్నాయి. ఈమధ్య చేసినవట. రెండో తల చెయ్యడం మానేశారు. ఒకటి ఎత్తి నా ముందు పెట్టి, అరచేత్తో నుదురు కప్పారు. నవ్వే ముసలావిడ. చెయ్యి తీసి నోరు కప్పారు. అదే ముసలావిడ ఏడుస్తోంది. చెయ్యి పూర్తిగా తీసేశారు. చాలాసేపు చూశాను. ఏమిటో చెప్పలేను. బాధగా లేదు, సంతోషంగా లేదు. మా అమ్మమ్మ వీధి గుమ్మంలో కూర్చుని ఊరికే చూసేటప్పుడు ఇలాగే ఉండేది.

ర్యాలి సంగతి ఎత్తాను. ఆయన చిన్నప్పటి నుంచీ వెళ్లే గుడే. “చాలా గొప్ప పనండి. కానీ అక్కడ వెనక్కి వెళ్తేనే రెండోది కనపడుద్ది. నాకు ముందు నిలబడితేనే కనపడాలి. ఇంకా రాలేదు. ఈ ముసల్దానికి నుదురు కొంచెం ఎక్కువైంది.” ఎక్కువైందని నాకైతే అనిపించలేదు.

గురువారం: పలివెల, గన్నవరం

రాత్రి నుంచి ముసురు. కల్లాల్లో ధాన్యం ఉన్నవాళ్ల ఇళ్లలో టెన్షన్ అంతా ఇంతా కాదు. మావాడు ఫోన్ల మీదే ఉన్నాడు. పలివెలలో కొప్పేశ్వరుడి గుడి చూసి, మధ్యాహ్నానికి పి.గన్నవరం చేరాం. గోదారి పాయ వైనతేయ మీద కాలవని దాటించే అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇదే ప్రాంతంలో 1841 నుంచి 1909 దాకా బతికి, వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన మనిషి. నాయకుల పేర్లున్న వంతెనలు చూసి చూసి, వంట చేసిన ఆడమనిషి పేరు మీద వంతెన కనపడితే కొంచెంసేపు నిలబడాలనిపించింది. వాన నిలబడనివ్వలేదు. రాజోలులో చుట్టాలింట్లో పడుకున్నాం.

శుక్రవారం: అంతర్వేది

పొద్దునకి వాన తెరిపిచ్చింది. మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటిది. ఆ చోటుని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు.

స్థలపురాణం నిండా రౌద్రమే. రక్తవిలోచనుడనే రాక్షసుడు వశిష్ఠుడి నూరుగురు కొడుకుల్ని చంపాడు. వాడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు లేస్తారు. నరసింహుడు వాడి మీదికి వస్తే, నెత్తురు కింద పడకుండా మాయాశక్తి నాలుక చాచింది. ఇంత కథకీ మొదలు బిడ్డలు పోయిన తండ్రి ఏడుపు. నాట్యశాస్త్రం రాసిన భరతుడు రసాల గురించి చెబుతూ రౌద్రం నుంచి కరుణ పుడుతుందన్నాడు. ఒకడి కోపం ఫలితం ఇంకొకరి శోకం అని. ఇక్కడ కథ వెనకనుంచి నడిచింది. శోకం లోంచి రౌద్రం లేచింది. గర్భగుడిలో లక్ష్మీనరసింహుడి మొహంలో ఇందులో ఏది ఉందో చూద్దామనుకున్నాను. పూలు, పట్టు, నామం. ఆ అలంకారం వెనక శిల్పి పని చూడాలనుకోవడం అత్యాశే. ఒక్క నిమిషం కూడా నిలబడనివ్వలేదు.

మొహం దొరికింది కేశఖండనశాలలో. ఏడాది నిండిందో లేదో, ఒక పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని తల వంచి పట్టుకున్నాడు. కత్తి తగలకముందే, నెత్తి మీద నీళ్లు పడగానే పిల్లాడు అందుకున్నాడు. మొదట ఏడుపే. ఎవరూ రారని తెలిశాక ఏడుపు కోపమైంది. పిడికిళ్లు బిగించి, మేనమామ తొడ మీద మడమతో కొడుతున్నాడు. గొంతు పోయేలా అరుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వుతున్నారు, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. నాయనమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందో, కళ్లు తుడుచుకోబోతోందో ఇంకా తేల్చుకున్నట్టు లేదు. ఆవిడ కనుబొమ్మలే చూశాను. తేలలేదు.

“అక్కా, నీ ఓస్లో పిల్లోడు” అన్నాడు మావాడు.

మూడు రోజులుగా నేను చెప్పింది వింటూనే ఉన్నాడన్న మాట. వెళ్లి పిల్లాడి తండ్రిని అడిగి, వాళ్ల ఫోన్లోంచే ఒక ఫొటో తీసుకుని కొత్తపేట పెద్దాయనకి వాట్సాప్‌లో పంపాడు. నేనైతే నాయనమ్మ ఫొటో అడిగేదాన్ని. అడిగే ధైర్యం చాలలేదు.

సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు ఎక్కాం. అవతలి ఒడ్డున నరసాపురం స్టేషన్లో నా రైలు. నది సగం దాటేసరికి మావాడి ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు. పంటు ఇంజన్ హోరులో పెద్దాయన అరిచి మాట్లాడుతున్నారు.

“కనుబొమ్మలు సరిగ్గా పడలేదండి. నీళ్లు అడ్డమొచ్చాయి. ఏడుపు ఆగబోయే టైములో తీసింది ఏదన్నా ఉందేమో కనుక్కోండి.”

“ఆగలేదు బాబాయ్ గారూ. గంధం రాసినా ఆగలేదు.”

“అయితే వీడియో అడగండి. వీడియోలో ఆగుద్ది” అని పెట్టేశారు.

మావాడు నా వంక చూశాడు. వాళ్ల నంబరు తీసుకోలేదు. ఊరు మాత్రం మోరి అని చెప్పారట, తిరిగొచ్చేటప్పుడు కనుక్కుంటానన్నాడు.